వరహాలప్ప చేతి బోణీ

కొత్తరేవు సముద్రపు గోడ, రెండో తలుపు. దినచర్య పుస్తకం. కాపలా: దాలినాయుడు.

డిసెంబరు 2

పోటు మామూలు. తలుపు ఎత్తాను, పడవలు లోపలికి వచ్చాయి, తలుపు దించాను. అడుగు అంచు దగ్గర నీరు కారుతోంది.

ఇతర విశేషాలు: ఈ గడిలో ఇన్నేళ్ళూ "ఏమీ లేవు" అని రాస్తూ వచ్చాను. ఈ నెలాఖరుకి నాకు అరవై నిండుతాయి, ఉద్యోగం ముగుస్తుంది. పైవాళ్ళు ఈ గడి చదవరని నాకు రూఢిగా తెలుసు. ఒకసారి "తలుపు కొట్టుకుపోయింది" అని రాసి చూశాను, ఎవరూ అడగలేదు. కాబట్టి ఈ నెల నాకు తోచింది రాస్తాను.

నాకు అరవై దగ్గరపడిందని అమ్మకం గొంతులకి ఎవరు చెప్పారో తెలియదు. బెల్లం ఉన్న సంగతి ఈగలకి ఎవరు చెబుతారు? పింఛను రాబోయే మనిషి వాసన వాటికి దానంతటదే తగులుతుంది. ఇవి మనుషుల గొంతులు కావు, యంత్రాలు. తుఫాను పెట్టెలోంచి మాట్లాడతాయి. సముద్రం పాత ఊరిని మింగాక ప్రతి ఇంటి గోడకీ ఒక తుఫాను పెట్టె బిగించారు. హెచ్చరిక వస్తే వినాలి గనక దాన్ని ఆపడం నేరం. పెట్టెల ఖర్చు అమ్మకం కంపెనీలు పెట్టుకున్నాయి గనక హెచ్చరిక లేని వేళల్లో అవి వాటిలో సరుకు అమ్ముకోవచ్చు. ఏడాదికి హెచ్చరికలు మూడో నాలుగో. తక్కిన కాలమంతా వాళ్ళదే.

ఈ రోజు వచ్చినవి: చేతికర్ర, పళ్ళ సెట్టు, మతిమరుపు లేహ్యం, ఎత్తు దిబ్బ మీద దహనానికి ముందస్తు చోటు. చివరిదాని గొంతు మహా తియ్యగా ఉంది. "ఇప్పుడే తీసుకుంటే సముద్రం కనిపించే వైపు ఇస్తామండీ" అంది.

"నాను శవమైనాక సముద్రం సూసి ఏటి సేస్తానే? ఎల్లు!" అన్నాను.

వద్దన్నాక ఇంకో మూడుసార్లు అడగడానికి చట్టం వాటికి హక్కిచ్చింది. మూడుసార్లూ తిట్టే హక్కు నాకూ ఉంది. ఎవరి హక్కు వాళ్ళం వాడుకున్నాం.

ఇక కాగితాలు. ప్రకటనల మోపు రోజూ గోడ మీంచి పడుతుంది. నానబెట్టి తలుపు అంచుకి కుక్కాను. కారడం తగ్గింది. పళ్ళ సెట్టు వాళ్ళ కాగితం మందంగా ఉండి బాగా పనిచేస్తోంది.

డిసెంబరు 5

పోటు మామూలు. తలుపు పని మామూలు.

ఇతర విశేషాలు: నేను అంచుకి కాగితాలు కుక్కుతూ ఉండగా పెట్టె దగ్గర, నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన మా అప్ప వరహాలు ఎవరితోనో మాట్లాడడం వినిపించింది. తలుపు గదిని ఆనుకున్న ఈ కాపలా క్వార్టరులో నేనూ అప్పా ఇద్దరమే. నాకు పెళ్ళి కాలేదు. అప్పకి అయింది గానీ నెల నిలవలేదు.

"ఇది బోణీ వేళమ్మా, కాదనకండి. మీ చేత్తో ఒక్క సూదుల పొట్లం" అంటోంది పెట్టె.

గొంతులకి మన వాడుకలు నేర్పితే అమ్మకం పెరుగుతుందని ఏ ఇంజినీరుకో తోచినట్టుంది. పొద్దున మొదటి బేరాన్ని బోణీ అంటారనీ, బోణీ బేరం కాదంటే ఆ రోజంతా గిట్టదని అమ్మేవాళ్ళ నమ్మకమనీ, చెయ్యి మంచిదైతే రోజంతా కలిసొస్తుందంటారనీ దానికి కూరి పెట్టాడు. యంత్రానికి నమ్మకం ఎక్కించడం తేలిక, దింపడం ఎలాగో వాడు ఆలోచించలేదు.

అప్ప సూదుల పొట్లం తీసుకుంటానంది.

"మనింట్లో సూదులు నేవా? దానికి బోణీ ఏటప్పా, అది యంత్రం" అన్నాను.

"యంత్రమో మరోటో, అడిగినాది. నన్నెవులైనా ఇంతవరకూ బోణీ అడిగినారేటిరా?"

పెళ్ళయిన నెలకే బావ సముద్రంలో పోయాడు. అప్పుడు అప్పకి ఇరవై. ఆనాటి నుంచి కొత్తరేవులో చేపల బుట్టలు మా గుమ్మం దాటుకుని పక్కింటికి పోతాయి. ఎవరైనా పడవ ఎక్కబోతూ అప్ప ఎదురైతే వెనక్కి వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతారు. ఊరు మునిగి గోడ కట్టి కాలం మారిందన్నారు గానీ ఈ అలవాటు మాత్రం తడవకుండా ఒడ్డుకి చేరింది.

డిసెంబరు 8

పోటు మామూలు.

ఇతర విశేషాలు: సూదుల గొంతు మళ్ళీ వచ్చింది. "అమ్మగారూ, మీ చెయ్యి చాలా మంచిది! ఆ రోజు మా సరుకంతా చెల్లిపోయింది!" అంది. దాని వెనక దువ్వెనలది, దాని వెనక అగరొత్తులది. అప్ప మూడింటికీ బోణీ చేసింది.

అప్పుడే తెల్లారుతోంది. అప్ప అప్పటికే స్నానం చేసి, తల దువ్వుకుని, పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది. అరవై నాలుగేళ్ళ మనిషి పరీక్షకి వెళ్ళే పిల్లలా ఉంది. కాఫీ కూడా నన్నే కలుపుకోమంది. నేను కలిపిన కాఫీ నేనే తాగలేకపోయాను.

డిసెంబరు 12

పోటు మామూలు. కారడం మళ్ళీ మొదలైంది. దహనం దిబ్బ వాళ్ళ కాగితం వాడి చూశాను, ఇట్టే కరిగిపోయింది. నమ్మదగ్గ మనుషులు కారు.

ఇతర విశేషాలు: అమ్మకం కంపెనీల సంఘం నుంచి నిజమైన మనిషే వచ్చాడు. పేరు హేమసుందర్, నలభై ఏళ్ళుంటాయి. పట్నం పడవలో వచ్చాడు, వాంతులు చేసుకుంటూ దిగాడు. అప్ప నిమ్మకాయ నీళ్ళిచ్చింది. తాగి, తేరుకుని, సంచీలోంచి జరీ శాలువా తీసి ఆమెకి కప్పాడు.

"అమ్మగారూ, మీరు ముందు కొన్న ఏ సరుకైనా ఆ రోజు దేశమంతా బాగా పోతోంది. గొంతులన్నీ లెక్క కట్టి తేల్చాయి. మీది దేశంలోకెల్లా మంచి చెయ్యి" అన్నాడు.

"ఎందుకలగ?" అని నేనడిగాను.

"తెలియదు సార్. మా వ్యాపారంలో పనిచేసేదాన్ని ఎందుకని అడగం."

అప్ప కుర్చీలో నిటారుగా కూర్చుని శాలువా అంచు వేళ్ళతో నలుపుతూ ఉంది. పావుసేరు నెయ్యి ఉంటే అదీ వేసి అతనికి అన్నం పెట్టింది. తిరుగు పడవలో అది నిలిచి ఉండదు.

డిసెంబరు 15

పోటు మామూలు. పైడమ్మ పడవకి తలుపు ఎత్తడంలో ఆలస్యం జరిగింది. కారణం కింద రాస్తున్నాను.

ఇతర విశేషాలు: తలుపు గదికీ క్వార్టరుకీ ఒకటే పెట్టె. పడవలు కూడా అందులోనే పిలుస్తాయి. మా తలుపు ఎత్తితే అడుగు అంచు మొగ వైపుకి, అంటే సముద్రంలోంచి పడవలు వచ్చే దారి వైపుకి, లేస్తుంది. పడవ దాని ఎదుట ఉండగా ఎత్తితే బోల్తా కొడుతుంది. అందుకని పడవవాళ్ళు పెట్టెలో "తప్పుకున్నాం" అని చెప్పాకే నేను చక్రం తిప్పాలి. గోడకి కిటికీ లేదు, కింద నుంచి ఏమీ కనిపించదు. పెట్టెలో ఒకరి మాట తెమిలితేగాని ఇంకొకరిది రాదు. ఇదివరకు ఇబ్బంది లేదు, తెల్లవారుజామున గొంతులు నిద్రపోయేవి. ఇప్పుడు బోణీ కోసం అవి ఆ వేళకే వరస కడుతున్నాయి.

పైడమ్మ పడవ యజమానురాలు, తనే నడుపుతుంది, తనే బుట్టతో అమ్ముతుంది. నోరు పెద్దది, ఎముక గట్టిది. ఇదివరకు పిలుపుకి అప్ప పలికితే టక్కున కట్టేసి, నేను పలికేదాకా మళ్ళీ మళ్ళీ పిలిచే మనిషి. ఈ రోజు లోపలికి వస్తూనే చక్రం గదిలో దూరి నా మీద పడింది.

"ఏటి దాలిబావా ఇది? మొగలో కెరటం మీద నిలబడి సబ్బుల కతంతా ఇన్నాను! వరసలో ఉన్నోళ్ళకి ముందోడి మాటంతా ఇనబడతాది, తెల్దా నీకు? సబ్బు, ఆనెక పౌడరు, ఆనెక ఇంకేటో! నా సేపలు ఎండిపోవాల?"

"అప్పని అడుగుతున్నాయే. ఎవరి పేరు అడిగితే వాళ్ళే జవాబు చెప్పాలని చట్టం."

"అప్పనా? బోణీ?" పైడమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. ఏమనబోయిందో నాకు తెలుసు. అననందుకు కాస్త సంతోషించాను.

డిసెంబరు 17

పోటు ఎక్కువ. మంచు మొదలైంది.

ఇతర విశేషాలు: ఈ రోజు పెట్టె ముందు నేను కూర్చుని నాలుగు తిట్టాను. "అమ్మగారు లేరాండీ? వేచి ఉంటాం" అంది గొంతు. అది వేచి ఉంటే దాని వెనక అందరూ వేచి ఉంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం బుగ్గలైనా చూస్తాడు.

అప్పని వద్దనమన్నాను. నా మాట కాదనలేక ప్రయత్నించింది. వద్దంటే మూడుసార్లు బతిమాలతాయి, బోణీ వేళ అని ఏడుపు గొంతు పెడతాయి. సరే అంటే వెంటనే పోతాయి. అంటే కొనడం కంటే కొనకపోవడానికే ఎక్కువసేపు పడుతోంది. ఈ చట్టం రాసినవాడు ఎవరో గాని పని తెలిసినవాడు.

శాఖకి ఫిర్యాదు పెట్టాను. జవాబు పెట్టె ద్వారా వస్తుందన్నారు. వరసలో ఉందట.

డిసెంబరు 20

పోటు ఎక్కువ. మంచు. ఈల పట్టుకుని గోడ ఎక్కి నిలబడ్డాను. పడవలు కనిపించలేదు, మోత వినబడింది గానీ ఏ దిక్కు నుంచో తెలియలేదు. రెండు పడవలు బయట ఆగాయి.

ఇతర విశేషాలు: హేమసుందర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి నిమ్మకాయ తనే తెచ్చుకున్నాడు. అప్పని "ప్రధాన బోణీదారు"గా నియమిస్తారట. నేను దిగిపోయాక కూడా మమ్మల్ని ఈ క్వార్టరులోనే ఉండనిచ్చేలా సంఘం శాఖతో మాట్లాడుకుందట. లేకపోతే నెలాఖరుకి మేము వలల షెడ్డు వెనక ఒంటిగదికి పోవాలి. అక్కడ వాన లోపలికీ బయటికీ ఒకేలా పడుతుంది.

"మరి పడవలు?" అన్నాను.

"పడవల కోసం వేరే పెట్టె పెట్టిస్తాం సార్. మంజూరు కావడానికి ఏడాదో ఏడాదిన్నరో."

"ఈలోపు ఎవులైనా సస్తే?"

అతను కాఫీ గ్లాసులోకి చూశాడు. చెడ్డవాడు కాదు. అతని చేతుల్లో ఏమీ లేదు, అదే అతని ఉద్యోగం.

వీధిదాకా సాగనంపుతూ అడిగాను, ఈ గొంతులు ఒక మనిషిని వదిలేయాలంటే ఏం కావాలని. "చెయ్యి మంచిది కాదని వాటికి నమ్మకం కుదరాలి సార్. ఊరివాళ్ళు అలా అనుకుంటున్నట్టు తెలిసినా చాలు. స్థానిక మర్యాదల పట్టిక అని ఒకటుంది, అందులో ఉన్నదాన్ని అవి కాదనవు" అన్నాడు.

అంటే నేను ఒక్క మాట చెబితే చాలు. పెట్టె ముందు నిలబడి, ఈమె మొగుడు పోయిన మనిషి, ఈ రేవులో ఈమె చేత ఎవరూ బోణీ చేయించుకోరు అంటే అయిపోతుంది. తలుపు బాగుంటుంది, పడవలు బాగుంటాయి.

ఆ మాట అప్ప వినగా నేను చెప్పను. చాటుగా కూడా చెప్పను. ఊరంతా చెప్పింది చాలు. ఈ పుస్తకంలో రాసినందుకే నోరు చేదుగా ఉంది. రేపటి నుంచి గోడ మీదే నిలబడతాను. చెవులు ఇంకా పనిచేస్తున్నాయి.

డిసెంబరు 22

పోటు ఎక్కువ. మంచు. గోడ మీద నిలబడడం వల్ల జలుబు.

ఇతర విశేషాలు: అప్ప శొంఠి కషాయం పెట్టింది. "నా మూలాన్నే గదరా" అంది.

"నీ మూలాన కాదు. ఆ యంత్రాల మూలాన."

నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుంది. "దాలీ, నాకు తెల్దనుకోకు. ఆ సూదులూ, దువ్వెనలూ నాకక్కర్నేదు. గంపెడు సబ్బులున్నాయి, జన్మంతా తోమినా అయిపోవు. కానీ పొద్దున్నే ఎవులో నా కోసం కాసుకుని ఉంటారని లేవడం... అది బావుంటాదిరా. ఇంకొన్నాళ్ళు ఉండనీ."

ఉండనీ అన్నాను. ఏం చెయ్యను? కొరివితో తల గోక్కుంటున్నామని తెలుసు.

డిసెంబరు 24

పోటు చాలా ఎక్కువ. దట్టమైన మంచు. పైడమ్మ పడవ దెబ్బతింది. అందరూ ప్రాణాలతో ఉన్నారు.

ఇతర విశేషాలు: తెల్లవారుజామున గోడ మీద ఉన్నాను. నా చెయ్యి నాకే కనిపించలేదు. మొగ వైపు నుంచి పైడమ్మ ఇంజను మోత వచ్చింది, దగ్గరైంది, దగ్గింది, ఆగిపోయింది. తర్వాత కేకలు. ఇంజను లేని పడవని కెరటం ఎత్తి గోడకేసి కొట్టిన చప్పుడు కాళ్ళ కింద రాయిలో తెలిసింది. నేను అరిచాను. వాళ్ళూ అరిచారు. గాలి రెండు అరుపుల్నీ కలిపి ఎటో తీసుకుపోయింది. పడవ తలుపు ఎదుట ఉందో పక్కనుందో తెలియదు. ఎత్తితే మునగొచ్చు, ఎత్తకపోతే ముక్కలవ్వొచ్చు.

మెట్లు దిగి పరుగెత్తాను. అప్ప పీట మీద ఉంది. పెట్టెలో ఏదో గొంతు కుంకుడుకాయ రసం గుణగణాలు చెబుతోంది.

"అప్పా! పైడమ్మ పడవ గోడకి కొట్టుకుంటన్నాది. నలుగురున్నారు. వాళ్ళ పిలుపు రావట్నేదు!"

అప్ప పెట్టె వైపు తిరిగి, "నీ ఎనకాల ఎంతమందున్నారు?" అని అడిగింది.

"లెక్కలేనంత మందిమి అమ్మగారూ! అందరం మీ చేతి కోసమే!" అంది గొంతు, మురిసిపోతూ.

అప్ప నా వైపు ఒక్కసారి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో, అలా ఊపే హక్కు అప్పుడు నాకుందో లేదో తెలియదు. ఆమె లేచి నిలబడి, పెట్టెకి దగ్గరగా వెళ్ళింది.

"అందరూ ఇనండి. ఒక్కసారే సెప్తాను. నాను మొగుడు పోయినదాన్ని. పెళ్ళైన నెలకే సముద్రంలో పోయినాడు. ఈ రేవులో పొద్దున్నే నా మొకం ఎవులూ సూడరు. నా సేత బోణీ ఎవులూ సేయించుకోరు. మీకు తెల్దు గావాల, అడిగినారు. ఇప్పుడు తెలిసినాది గదా. పొండి."

పెట్టెలో చిన్న గరగర వినిపించింది. తర్వాత, "ధన్యవాదాలు అమ్మగారూ. ఈ వివరం మా వద్ద లేదు. స్థానిక మర్యాదల పట్టికతో సరిచూస్తున్నాం" అంది. ఇంకాసేపటికి, "క్షమించాలి. మీ చేతి బోణీ స్వీకరించలేము. శుభోదయం."

టక్కుమంది. వెనకది "శుభోదయం" అంది, టక్కుమంది. ఆ వెనకది. ఆ వెనకది. నిప్పు తగిలిన చీమల బారులా వరసంతా చెదిరిపోయింది. బోణీ అనే మాట నేర్పిన ఇంజినీరు దీన్ని కూడా మరిచిపోకుండా నేర్పాడన్నమాట. ఆమె చెయ్యి ఎంత మంచిదో లెక్కలు కట్టింది అవే. ఆ లెక్కలన్నీ దగ్గర పెట్టుకుని కూడా, మా ఊరి మాట వినగానే వదిలేశాయి. మనుషులని తిట్టి ఏం లాభం అనుకున్నాను. ఆ పెట్టెని పీకి సముద్రంలో పారెయ్యాలనిపించింది.

అప్పుడు పైడమ్మ గొంతు వచ్చింది.

"తలుపూ..."

అప్ప పలికింది. "ఉన్నాను. తప్పుకున్నారా?"

మామూలుగా అయితే అప్ప గొంతు వినగానే పైడమ్మ టక్కున కట్టేసేది. ఈసారి కట్టలేదు. "తప్పుకున్నాం అప్పా! గోడ వారకి తోసుకున్నాం, తాడు పట్టుకుని ఉన్నాం! ఎత్తమను!"

చక్రం తిప్పాను. అరవై ఏళ్ళవాడిలా తిప్పలేదు. పడవ లోపలికి దొర్లుకుంటూ వచ్చింది, ఒక పక్క చెక్క ఊడిపోయింది, పైడమ్మ తమ్ముడి చెయ్యి విరిగింది. పైడమ్మ తడిసి ముద్దయి గట్టెక్కి, మా క్వార్టరు వైపు చూస్తూ నిలబడిపోయింది. అప్ప ఇంటి తలుపు తియ్యలేదు.

డిసెంబరు 26

పోటు తగ్గుముఖం. తలుపు పని మామూలు. పడవల పిలుపులు మొదటిసారికే అందాయి.

ఇతర విశేషాలు: పెట్టె నోరు మెదపడం లేదు. నా కోసం కూడా ఎవరూ రావడం లేదు. పళ్ళ సెట్టు లేదు, చేతికర్ర లేదు, కాగితాల మోపు కూడా మా గోడ దాటడం లేదు. ఇల్లంతటినీ జాబితాలోంచి కొట్టేసినట్టున్నారు. నెల మొదట్లో ఈ నిశ్శబ్దం కోసం ఎవరి కాళ్ళైనా పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అదే నన్ను ఇంట్లో నిలవనివ్వడం లేదు.

అప్ప పొద్దున లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఒంట్లో బాగానే ఉందంది. కాఫీ కలిపి ఇచ్చాను, తాగింది, బాగుందంది. నేను కలిపిన కాఫీని బాగుందందంటే మనసు ఎక్కడుందో అర్థమైంది. తలుపు గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. పై అధికారులు ఇది చదివినా నాకు అభ్యంతరం లేదు.

డిసెంబరు 28

పోటు మామూలు. అంచు బాగా కారుతోంది, కుక్కడానికి కాగితాలు లేవు.

ఇతర విశేషాలు: హేమసుందర్ పెట్టెలో మాట్లాడాడు. నియామకం రద్దట. క్వార్టరు మాట కూడా రద్దు. "నాకు చాలా బాధగా ఉంది సార్, నిజంగా" అన్నాడు. నిజంగానే ఉన్నట్టుంది. తర్వాత గొంతు తగ్గించి, శాలువా తిరిగి పంపాలట, సంఘం నియమం అన్నాడు.

పంపనన్నాను. మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడిగే హక్కు అతనికి లేదు.

శాలువాని తడిపి తలుపు అంచుకి కుక్కాను. చుక్క కారడం లేదు. జరీ ఉన్నది ఇందుకని ఇన్నాళ్ళూ తెలియలేదు. అప్ప చూసి నవ్విందేమో అనిపించింది, గట్టిగా చెప్పలేను.

డిసెంబరు 30

పోటు మామూలు.

ఇతర విశేషాలు: వలల షెడ్డు వెనక గదికి సగం సామాను చేరవేశాం, తక్కినదానితో రేపు మేమూ పోతాం. సామాను కంటే సబ్బులే ఎక్కువ. అప్ప వాకిట్లో నిలబడితే దారిన పోయే పడవవాళ్ళు తల దించుకుని, ఆగకుండా, వెనక్కి తిరక్కుండా వెళ్ళారు. ఎదురొచ్చిందని ఎవరూ ఆగి మంచినీళ్ళు తాగలేదు. అది మర్యాదో, సిగ్గో, తొందరో నాకు తెలియదు. ఆ రోజు వరసలో ఉన్న పడవలన్నీ అప్ప మాట విన్నాయి.

డిసెంబరు 31

పోటు మామూలు. తలుపు ఎత్తాను, పడవలు వచ్చాయి, దించాను. చక్రానికి నూనె పెట్టాను. కొత్తగా వచ్చే కాపలాదారుకి: అంచులో శాలువా ఉంది, తియ్యవద్దు.

ఇతర విశేషాలు: పొద్దున్నే గుమ్మంలో ఎవరో దగ్గారు. పైడమ్మ. పడవకి చెక్క అతికించుకుని నిన్న మళ్ళీ వేటకి పోయింది. ఇప్పుడే ఒడ్డెక్కినట్టు చీర కుచ్చెళ్ళు తడిగా ఉన్నాయి. నెత్తి మీద బుట్ట. ఇంకా ఏ వీధిలోకీ వెళ్ళలేదు, బుట్ట మీద కప్పిన గుడ్డ ముడి కూడా విప్పలేదు.

బుట్ట దించి, మా గుమ్మం ముందు చతికిలబడింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ముందు బుట్ట దిగడం నేను చూడలేదు. పైడమ్మ నోరు ఎంత పెద్దదో రాశాను. ఈ రోజు అందులోంచి మాట రావడానికి కాస్త సమయం పట్టింది.

"వరహాలప్పా," అంది. "బోణీ సెయ్యవా."

అప్ప గదిలోంచి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె మొహం చూడడానికి నాకు ధైర్యం చాలక బుట్ట వైపు చూశాను. గుడ్డ తీస్తే పారచేపలు. అన్నిటికంటే పైది ఇంకా తోక ఆడిస్తోంది.

అప్ప కూర్చుంది. కొంగు దోపుకుంది. పై చేపని తీసి, మొప్ప ఎత్తి చూసింది. పొట్ట నొక్కింది. కన్ను చూసింది. వాసన చూసింది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసింది. పైడమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేనూ అంతే.

"ఏటే ఇది?" అంది అప్ప. "మొప్ప తెల్లగైపోనాది. నిన్నటి సేప తెచ్చి నాకు అంటగడతావా?"

"నిన్నటిదేటి అప్పా! ఇప్పుడే పట్టినాను, సూడు, కొట్టుకుంటన్నాది!"

"నీ బుట్ట కదిలినాది, అందుకని కొట్టుకుంటన్నాది. నాకు తెల్దేటి? వద్దు. తీసుకుపో."

"బోణీ వేళప్పా. కాదనకు."

"వద్దంటే వద్దు. ఎల్లవే, ఎల్లు. రేపు మంచివి తే, అప్పుడు సూద్దుం."

పైడమ్మ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. ఇంకో మనిషైతే బోణీ కాదన్నందుకు వీధి అదిరేలా తిట్టి పోసేది. పైడమ్మ మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది, మూడోసారి కూడా కాదనిపించుకుని బుట్ట నెత్తిన పెట్టుకుంది. "రేపు నీ గుమ్మానికే ముందొస్తాను. ఆ షెడ్డు ఎనక గదే గదా?" అంది.

"అదే. తొందరగా రా. ఎండెక్కినాక వస్తే తలుపు తియ్యను."

ఆమె వెళ్ళిపోయాక అప్ప చేతులు కడుక్కుంది. ఆమె కొన్న సబ్బుల్లోంచి కొత్తది విప్పి, మోచేతుల దాకా నిదానంగా తోముకుంది. లోపలికి పోతూ పాట లాంటిదేదో కూనిరాగం తీస్తోంది.

మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిన్నాం. నాకు పారచేప అంటే ప్రాణం, కానీ బేరం కాదనే వంతు అప్పకి ఇన్నేళ్ళకి వచ్చింది. ఏమీ అనలేదు.